తాతగారికి పెన్సిలిన్ పడకపోతే మనవడికి అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చా?

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. ఈ వారం ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం వచ్చి, గొంతు నొప్పితో మంచినీళ్లు కూడా మింగలేకపోయాడు. దగ్గు గానీ జలుబు గానీ లేవు. పిల్లల డాక్టరు గారు చూసి టాన్సిల్స్ మీద చీము ఉందని, మెడ దగ్గర బిళ్లలు కట్టాయని చెప్పారు. గొంతులో దూదిపుల్లతో తీసి చేసిన పరీక్షలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే అమాక్సిసిలిన్ డ్రై సిరప్‌ను ఉదయం 9 మి.లీ., రాత్రి 9 మి.లీ. చొప్పున పది రోజులు ఇవ్వమని రాశారు. మందుల దుకాణంలో 60 మి.లీ. సీసాలు మూడు ఇచ్చారు.

మందు మొదలుపెట్టిన మరునాటికే జ్వరం తగ్గింది, ఇప్పుడు అన్నం బాగానే తింటున్నాడు. అయితే ఇది పెన్సిలిన్ జాతి మందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. మా మామయ్యగారికి చాలా ఏళ్ల కిందట కాలి పుండుకు పెన్సిలిన్ సూది వేయగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక, పెద్దాసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చిందట. అందువల్ల మా వంశానికే ఆ మందు పడదని, ఎలాగూ జ్వరం తగ్గింది కనుక ఆపేయమని అత్తయ్యగారు అంటున్నారు. ఆపవచ్చా? మూడు సీసాలూ ఒకేసారి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: పిల్లల వైద్యుడు, కర్నూలు

అమ్మా, మీ బాబును చూసిన డాక్టరు గారితో ఒకసారి ఫోనులోనైనా మాట్లాడండి. నేను చెప్పేది ఆ మాటకు తోడు మాత్రమే.

పెన్సిలిన్ అలర్జీ రక్తసంబంధం ద్వారా వచ్చేది కాదు. ఒక మనిషి శరీరం ఆ మందును శత్రువుగా గుర్తుపెట్టుకోవడం వల్ల అది కలుగుతుంది, ఆ గుర్తు మనవడి శరీరానికి సంక్రమించదు. అందుచేత తాతగారికి జరిగినదాన్ని బట్టి బాబుకు మందు మానవలసిన పని లేదు. బాబు ఇదివరకు ఎప్పుడైనా అమాక్సిసిలిన్ వాడాడా, వాడినప్పుడు ఏమైనా ఇబ్బంది కలిగిందా అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న. ఇప్పటికే కొన్ని మోతాదులు తీసుకుని హాయిగా ఉన్నాడంటే అది ధైర్యం కలిగించే విషయమే.

మీ మామయ్యగారి సంగతి వేరు. సూది వేసిన నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం రావడం తీవ్రమైన అలర్జీకి లక్షణం కాబట్టి, అలర్జీ నిపుణులు పరీక్షించి చెప్పేవరకు ఆయన పెన్సిలిన్ జాతి మందులేవీ తీసుకోకూడదు. ఈ జాగ్రత్తలో చాలామంది పొరబడేది పేర్ల దగ్గరే. నోవామాక్స్, మాక్స్, ఆగ్మెంటిన్, క్లావమ్ వంటి పేర్లలో ఎక్కడా పెన్సిలిన్ అన్న మాట కనిపించదు, అయినా వాటన్నిటిలోనూ ఉన్నది అమాక్సిసిలినే. ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్ కూడా ఈ కుటుంబానివే. "పెన్సిలిన్ పడదు, సూది వేసిన వెంటనే దద్దుర్లు, ఆయాసం వచ్చాయి" అని ఒక కాగితం మీద రాయించి ఆయన ఆరోగ్య కార్డుతో పాటు ఉంచండి.

అదే సమయంలో, తమకు పెన్సిలిన్ పడదని చెప్పేవారిని సరిగా పరీక్షిస్తే, నూటికి తొంభై మందికి పైగా దాన్ని నిరపాయంగా తీసుకోగలరని తేలుతుంది. సూది భయంతో కళ్లు తిరిగి పడిపోవడం, మందు వల్ల విరేచనాలు కావడం, చిన్నప్పుడు వైరస్ జ్వరంలో వచ్చిన దద్దురు ఇవన్నీ ఇళ్లలో అలర్జీగా పేరుపడి ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. నిజమైన అలర్జీ ఉన్నవారిలో కూడా పదేళ్లు గడిచేసరికి చాలామందికి అది పోతుంది. అలాగని ఇంట్లో సొంతంగా వేసుకుని చూడడం ఎంతమాత్రం తగదు, ఆ పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలి.

ఇక మందు ఆపే విషయం. దయచేసి ఆపకండి. మందు మధ్యలో మానితే సూక్ష్మజీవి మొండికెత్తుతుందని సాధారణంగా చెబుతారు కానీ, ఈ జబ్బులో పది రోజులు వాడమనడానికి అసలు కారణం అది కాదు. గొంతు స్ట్రెప్టోకాకస్ నేటికీ పెన్సిలిన్‌కు లొంగే సూక్ష్మజీవే. జ్వరం తగ్గినా అది గొంతులో మిగిలిపోతే, రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లలకు కీళ్లవాపుతో రుమాటిక్ జ్వరం వస్తుంది. దానివల్ల గుండె కవాటాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వచ్చే ఈ జబ్బు మన దేశంలో ఇంకా పోలేదు. పది రోజుల లెక్క ఈ జబ్బుకు సంబంధించినది. మరో జబ్బుకు డాక్టరు గారు ఐదు రోజులే రాస్తే అదీ సరైనదే కావచ్చు.

గమనించవలసిన లక్షణాలు కూడా చెబుతాను. మందు తాగిన గంట లోపు దద్దుర్లతో పాటు పెదవులు, ముఖం వాచినా, పిల్లికూతలతో ఆయాసం వచ్చినా, బాబు సొమ్మసిల్లినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ సూది. అలర్జీ మాత్ర దానికి బదులు కాదు. కొన్ని రోజులు వాడాక దురద లేకుండా ఒంటి మీద ఎర్రని చిన్న మచ్చలు మాత్రమే వస్తే ఫొటో తీసి, తరువాతి మోతాదుకు ముందే డాక్టరు గారికి చూపించండి. నోట్లో పుండ్లు, చర్మం మీద బొబ్బలు, కళ్లు ఎర్రబడడం వంటివి కనిపిస్తే మాత్రం మందు ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

జవాబు 2: ఫార్మసిస్టు, విజయవాడ

డాక్టరు గారు చెప్పినదానికి సిరప్ గురించి కొంత చేర్చుతాను. మూడు సీసాలూ ఒకేసారి కలపవద్దు. పొడిగా ఉన్నంతకాలం మందు సీసా మీద రాసిన తేదీ వరకు నిలుస్తుంది, నీళ్లు కలిపాక దాని ఆయుష్షు సాధారణంగా ఏడు రోజులే. మీ బాబుకు రోజుకు 18 మి.లీ. కనుక ఒక్కో సీసా మూడు రోజులకు కాస్త పైగా వస్తుంది. ఒకటి అయిపోవచ్చినప్పుడు మరొకటి కలుపుకోండి.

కలిపే ముందు సీసాను తట్టి పొడిని వదులు చేయండి. కాచి చల్లార్చిన నీటిని గీతకు కొంచెం తక్కువగా పోసి బాగా కుదిపి, నురగ తగ్గాక మళ్లీ గీత వరకు పోయండి. వేడి నీళ్లు పోస్తే మందు పాడవుతుంది. నురగను చూసి గీత అందిందనుకుని ఆపేస్తే మందు చిక్కబడి, ప్రతి మోతాదులోనూ రాసినదానికంటే ఎక్కువ వెళుతుంది. ప్రతిసారీ తాగించే ముందు కుదపడం తప్పనిసరి, ఎందుకంటే మందు అడుగున పేరుకుంటుంది. ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి, గడ్డకట్టే పెట్టెలో పెట్టకండి. ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత కాబట్టి, సూది లేని 10 మి.లీ. సిరంజితో కొలిచి చెంప లోపలి వైపు కొద్దికొద్దిగా పోయండి.

మరొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇదే సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా. బలంతో కూడా దొరుకుతుంది. మరో దుకాణంలో కొనేటప్పుడు పెట్టె మీది అంకె చూడకపోతే బాబుకు సగం మందే అందుతుంది. పది రోజులకు 180 మి.లీ. అంటే మూడు సీసాలు లెక్కకు సరిగ్గా సరిపోతాయి, కానీ సీసా గోడలకు, సిరంజికి కొంత అంటుకుపోతుంది. చివరి మోతాదు తగ్గితే చీటీ చూపి ఇంకొకటి తెచ్చుకోండి. అందులో మిగిలినదాన్ని తరువాతి జ్వరానికని దాచవద్దు.

జవాబు 3: రాజమహేంద్రవరం నుంచి ఒక అక్క

చెల్లీ, డాక్టరు గారు చెప్పిన రుమాటిక్ జ్వరం మా తమ్ముడికి చిన్నప్పుడే వచ్చింది. గొంతు నొప్పి తగ్గిందని మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, తరువాత మోకాళ్లు వాచాయి, గుండెలో ఒక కవాటం దెబ్బతిన్నది. అప్పటి నుంచి 21 రోజులకొకసారి బెంజథైన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్ల సూది వేయించుకుంటున్నాడు. ఆ సూది కండరంలోకి లోతుగా, నెమ్మదిగా వేయవలసినది, పొరపాటున రక్తనాళంలోకి వెళితే ప్రాణాపాయం. భయపడి ఆ సూది వేయడానికి ఒప్పుకోని క్లినిక్కులు కూడా మాకు ఎదురయ్యాయి. అందుకని అడ్రినలిన్ సిద్ధంగా ఉంచే ఆసుపత్రికే వెళ్తాం. పడుకోబెట్టి వేస్తారు, తరువాత అరగంట అక్కడే కూర్చుంటాం. ఏళ్ల తరబడి సాగే ఆ సూదులతో పోలిస్తే పది రోజుల సిరప్ ఎంత చిన్న పనో అత్తయ్యగారికి నిదానంగా చెప్పి చూడండి, కాదనరు.

హనుమకొండ నుంచి ఒక తల్లి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా డాక్టరు గారితో మాట్లాడాను, కొనసాగించమన్నారు. ఈ జవాబులు అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఈ రాత్రి మోతాదు ఆమే దగ్గరుండి ఇప్పించారు. మామయ్యగారి కాగితం కూడా రాయించుకుంటాం. ఒక్క సందేహం మిగిలింది. ఎప్పుడైనా ఒక పూట మరచిపోతే మరుసటి పూట రెండింతలు ఇవ్వాలా?

ఫార్మసిస్టు, విజయవాడ

ఇవ్వకూడదమ్మా. గుర్తుకు వచ్చిన వెంటనే మరచిన మోతాదు ఇవ్వండి. అప్పటికే తరువాతి మోతాదు వేళ దగ్గరపడితే మరచినది వదిలేసి, మామూలు కొలతే ఇచ్చి, వదిలిన పూటను చివర కలుపుకోవాలా అని డాక్టరు గారిని అడగండి. తాగిన వెంటనే వాంతి అయినా మళ్లీ పోసే ముందు వారినే అడగడం మంచిది. ఖాళీ కడుపుతో వికారం పెడుతుంటే అన్నం తిన్నాక ఇవ్వవచ్చు, అమాక్సిసిలిన్ పని దానివల్ల తగ్గదు.