సీటీలో రక్తం లేదన్నాక నడుము నీరు ఎందుకు తీయాలి?

పరకాల పత్తిచేను:
మధ్యాహ్నం 12 గంటలకు మా అన్నకు పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చి చేలోనే కూలబడ్డాడు. హనుమకొండ తీసుకొచ్చి తలకు సీటీ స్కాన్ తీయించేసరికి రాత్రి 7 అయింది. రక్తం కనబడలేదట. అయినా నడుము నీరు (వెన్నులోంచి సూదితో తీసేది) తీయాలంటున్నారు, అదీ అర్ధరాత్రి దాటాకనట. కాళ్లు పడిపోతాయని వదిన ఏడుస్తోంది. ఒప్పుకోవాలా?

పాత ల్యాబ్ మనిషి:
ఒప్పుకోండమ్మా. వెన్నుపాము ముగిసే చోటుకు దిగువనే సూది గుచ్చుతారు. తర్వాత కొందరికి తలనొప్పి వస్తుంది, కాళ్ల మాట నమ్మకండి.

తలనొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసిన సీటీలో రక్తం దాదాపు తప్పిపోదు. మీకు ఆ గడువు దాటింది. ఇక ఆగమనడానికి కారణం: సూది తగిలినా నీటిలో రక్తం పడుతుంది. మెదడు చుట్టూ కారిన రక్తమైతే, కణాలు విరిగి వాటిలోని ఎర్ర పదార్థం హిమోగ్లోబిన్, బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారుతుంది. అందుకు 12 గంటలు ఇస్తారు. ఆ మార్పు ఒంట్లోనే జరగాలి, ట్యూబులో జరగదు.

నాకు ఒళ్లు మండేది తర్వాతి పని చూస్తేనే. ట్యూబును కిటికీలో పెట్టి టీకి వెళ్లేవాళ్లుంటారు! వెలుతురు తగిలితే బిలిరుబిన్ పాడవుతుంది. రేకు చుట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి కణాలను అడుక్కి దించే యంత్రం) తిప్పించాలి. వరసగా పట్టిన ట్యూబుల్లో ఆఖరిది పంపమనండి, సూది రక్తం అందులో తక్కువ. పైన తేలిన తేటను తెల్లకాగితం ముందు పెట్టి చూసేస్తారు చాలాచోట్ల. లేత పసుపు కంటికి అందదు. స్పెక్ట్రోఫోటోమీటర్ (వెలుతురు పంపి రంగును కొలిచే యంత్రం) ఉందేమో అడగండి, బిలిరుబిన్‌ను 476 నానోమీటర్ల వెలుతురు దగ్గర కొలుస్తారు.

ఈలోగా మగత కమ్మినా, వాంతులైనా వెంటనే డాక్టరును పిలవండి.

కాజీపేట జంక్షన్:
ఇంతసేపు ఆగేకన్నా సీటీ యాంజియో చేయిస్తే పోదా?

పాత ల్యాబ్ మనిషి:
కొందరు డాక్టర్లు అదే చేయిస్తారు. కానీ అది మెదడు రక్తనాళం గోడ బుడగలా ఉబ్బిందో లేదో చూపుతుంది. ఆ బుడగ ఈరోజు పగిలిందా అన్నది వేరే ప్రశ్న. పగలని బుడగతో బతుకంతా గడిపేవాళ్లూ ఉన్నారు. నీటిలో పసుపు తేలితే యాంజియో ఎలాగూ తప్పదు.

పరకాల పత్తిచేను:
వదిన ఒప్పుకుంది బాబాయ్. ట్యూబు నేనే పట్టుకెళ్తాను. అన్నకు పోయిన నెలే కామెర్లు వచ్చాయి, అది చెప్పాలా?

పాత ల్యాబ్ మనిషి:
ముందు అదే చెప్పు తల్లీ! కామెర్ల పసుపు వెన్ను నీటిలోకీ దిగుతుంది. డ్యూటీ డాక్టరుతో ఫారం మీద రాయించు, నీటితోపాటే రక్తంలో బిలిరుబిన్‌కూ శాంపిల్ తీయమను.