గ్రహణం రోజు అమ్మతో వాదించాలా?

నేను దేవుణ్ణి నమ్మను, ఫిజిక్స్ చెబుతాను. 2022 అక్టోబర్ 25 సూర్యగ్రహణం రోజు అమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేసింది. నేను డాబా మీద అట్టకు సూదితో బెజ్జం పెట్టి కూర్చున్నా. నీడలో కొరికిన అప్పడంలా సూర్యుడు! అమ్మ కూడా వచ్చి చూసింది, ‘భలే ఉందిరా’ అంది, తర్వాత తలస్నానానికి వెళ్ళింది. ఏమనాలి?

జవాబు 1: దర్భతో నష్టమేముంది, వదిలేయండి. కడుపుతో ఉన్నవాళ్ళని పస్తు పెడితే మాత్రం ఊరుకోకండి. అయినా పంచాంగంలో గ్రహణం టైమూ లెక్క కట్టిందే కదా.

జవాబు 2: చంద్రయాన్-3కి ముందు ఇస్రో వాళ్ళు నమూనాతో తిరుమల వెళ్ళారు. లెక్కలు మానేసి వెళ్ళలేదుగా!

అడిగినవాణ్ణి: నిజమే. ఆ రోజు దర్భ వేయని పెరుగు తిన్నా, ఏమీ కాలేదని అమ్మతో అన్నా. ‘నీ కోసం దండం పెట్టుకున్నానుగా’ అంది!