సేయకుడు ఎవరు సార్?

నెల్లూరు దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్తుంటాను. మొన్న తొమ్మిదో తరగతిలో తిక్కన పద్యం బోర్డు మీద రాశాను.

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబునకగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథముల కెల్లన్

ఒకడు లేచి, "సేయకుడు ఎవరు సార్?" అన్నాడు. మొదట నాకు అర్థం కాలా. రామునికి, సోమునికి లాగా 'సేయకుని-కి' అని విరిచాడు వాడు. విరుపు తప్పేగానీ, విభక్తి బాగానే వచ్చినట్టు! సేయక + ఉనికి, అంటే చేయకుండా ఉండటం అని చెప్పాను.

సొంత మాటల్లో చెప్పమంటే ముందు బెంచీలో పిల్ల, "నీకు చేస్తే నొచ్చేది ఇంకోళ్ళకి చేయబాక" అంది. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో ఉండి, భారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలు రాసిన మనిషి ఈ పెన్న ఒడ్డువాడే కదా, మన నెల్లూరు 'చేయబాక' (చేయొద్దు) ఆయనకు కొత్తేం కాదనుకున్నా. కాకపోతే 'చేయబాక' ఆజ్ఞ. పద్యంలో ఆజ్ఞ లేదు, చేయకుండా ఉండే తీరు గురించే చెప్పాడు.

వెనక బెంచీవాడు పట్టుకున్నాడు. "నన్ను ఎవరు వెక్కిరించినా నాకేం అనిపించదు సార్. అయితే నేను వెక్కిరించొచ్చా?" క్లాసంతా నవ్వింది. సోడాబుడ్డి అని అందరూ పిలిచే అద్దాల పిల్లోడు మాత్రం నవ్వలేదు. రేపు చెప్తానని తప్పించుకున్నా. ఏం చెప్పమంటారు?

కావలి నుంచి ఒక జవాబు:
ముందు ఒక మాట మాస్టారూ. మీరు 'పరాయణము' అని సరిగ్గా రాశారు, సంతోషం. చాలామంది 'పారాయణము' చేసేస్తారు. కంద పద్యంలో మొదటి పాదం లఘువుతో, అంటే పొట్టి అక్షరంతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలవ్వాలి. ఒ, న, నొ, ప. అక్కడ 'పా' పెడితే పద్యం కుంటుతుంది. అర్థమూ వేరు. ఇది చదువుకునే పారాయణం కాదు, పరమ ఆశ్రయం.

ఒంగోలు నుంచి ఒకరు:
ఆ అబ్బాయి 'వెక్కిరింత' దగ్గర ఆగిపోయాడండీ. పద్యంలో పని పేరు లేదు, 'ఏయవి' (ఏవైతే) అని వదిలేశాడు తిక్కన. వాడికి అప్రియమైంది ఏదో ఒకటి ఉంటుంది కదా, అదేంటో అడగండి. ఆ నొప్పితో ఎదుటివాడి నొప్పిని కొలుచుకోమనండి.

మళ్ళీ నేను:
అడిగాను. చాలాసేపు బల్ల గీకుతూ నిలబడి, "ఆటలో చేర్చుకోకపోతే" అన్నాడు. అద్దాల పిల్లోడు బోర్డు వైపే చూస్తూ, "నన్నెప్పుడన్నా చేర్చుకున్నారా?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు నా తలనొప్పి వేరే. చేర్చుకోకపోవడం కూడా 'చేయకుండా ఉండటమే' గదా. 'ఒనరించిన' (చేస్తే) అన్న మాటలో చేయనివి కూడా వస్తాయా? వ్యాకరణం తెలిసినవాళ్ళు చెప్పండి. సోమవారం మళ్ళీ అదే క్లాసు.