ఓడిన పార్టీ ముందు నాయకుణ్ణి చూసుకోవాలా, కమిటీలను చూసుకోవాలా?

నల్లకుంట వాసి:
2003 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి నడక మొదలుపెట్టడం, మరుసటి ఏడాది కాంగ్రెస్ అధికారంలోకి రావడం జనం మనసులో ఎంతగా ముడిపడ్డాయంటే, ఓడిన ప్రతి పార్టీకీ మొదటి సలహా పాదయాత్రే అయింది. నా దృష్టిలో అది సరైన సలహానే. చెదిరిన కార్యకర్తలకు ముందు ధైర్యం కావాలి. జనం మధ్యకు వచ్చిన నాయకుణ్ణి చూస్తేనే అది కలుగుతుంది.

మల్కాజిగిరి ఓటరు:
నల్లకుంట వాసి గారూ, ధైర్యం మాట ఒప్పుకుంటాను గాని, ఆ గెలుపు నడక ఒక్కదానిదే కాదు. 2004లో తెరాసతో, వామపక్షాలతో పొత్తూ ఉంది, ఉచిత విద్యుత్తు హామీ కూడా ఉంది.

మనకు దగ్గరి ఉదాహరణ భారాస (ఒకప్పటి తెరాసే). 2023 డిసెంబరులో తెలంగాణ అసెంబ్లీ 119 స్థానాల్లో ఆ పార్టీకి 39, కాంగ్రెస్‌కు 64 వచ్చినా, ఓట్లలో తేడా రెండు శాతం చుట్టూ మాత్రమే. హైదరాబాద్ జిల్లాలోనైతే కాంగ్రెస్ ఒక్క స్థానమూ గెలవలేదు. అయినా ఆరు నెలలు తిరగకముందే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో భారాసకు ఒక్క సీటూ దక్కలేదు. ఓటమి కన్నా ఆ తర్వాతి నెలలే ఎక్కువ నష్టం చేశాయని నా అభిప్రాయం. 2023 ఆగస్టులో 115 మంది అభ్యర్థులను ఒకేసారి ప్రకటించి, సిట్టింగుల్లో ఏడుగురినే మార్చారు కాబట్టి, ఎక్కడ కోపం ఎమ్మెల్యే మీద, ఎక్కడ ప్రభుత్వం మీద అన్నది వేరుచేసి చూడటమే అసలు సమీక్ష. ఓడిన అభ్యర్థిని కారణం అడిగితే అవతలివాళ్ల డబ్బునో, సొంతవాళ్ల వెన్నుపోటునో చెబుతాడు గాని తన పేరు చెప్పడు (ఏ పార్టీలోనైనా ఇంతే). ఎన్నికల ఫలితాల పత్రమైన ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లుంటాయి. దాన్ని ముందు పెట్టుకొని, ఆ కేంద్రంలో ఏజెంటుగా కూర్చున్న మనిషిని అడగాలి.

నల్లకుంట వాసి:
మరి కాంగ్రెస్ సంగతో? 2018లో గెలిచిన 19 మందిలో 12 మంది మరుసటి ఏడాదే తెరాసలో కలిసిపోయారు. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో రెండే డివిజన్లు (నగర వార్డులు) మిగిలాయి. 2021లో రేవంత్ రెడ్డి రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్షుడయ్యాకే ఆ పార్టీ గొంతు మళ్లీ వినిపించింది. ఫారాలు చదివి ఎవరూ లేచి నిలబడలేదు.

మల్కాజిగిరి ఓటరు:
గొంతు వినిపించింది, నిజమే. కాని అదే నాయకుడు, అదే గాలి ఉండగా హైదరాబాద్ జిల్లాలో సున్నా ఎందుకు వచ్చింది? బస్తీల్లో ఆ గాలిని ఓటుగా మార్చే మనుషులు లేకపోవడమే కారణమంటాను. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక గెలిచారు గాని, అప్పటికి అధికారం చేతిలో ఉంది. ఓడిన పార్టీకి ఆ వెసులుబాటు ఉండదు.

ఉప్పల్ పాఠకుడు:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. పార్టీ డివిజన్ కమిటీ అధ్యక్షుణ్ణి పైనుంచి నియమించినంత కాలం అతను పైవాళ్లకు నచ్చే లెక్కే చెబుతాడు. సభ్యుల ఓటుతో ఎన్నుకోనివ్వడానికి ఏ నాయకుడు సిద్ధం?

మల్కాజిగిరి ఓటరు:
గెలిచినప్పుడు ఎవరూ సిద్ధపడరు. ఓడినప్పుడైతే టికెట్టు అడిగేవాళ్ల ఒత్తిడి తక్కువ, పోగొట్టుకునేదీ తక్కువ. మొదటి ఏడాదిలోనే ఆ ఎన్నికలు పెట్టాలి. నాయకుడి నడక ఆ తర్వాత మొదలైనా నాకు అభ్యంతరం లేదు.