నాష్ అనే ఇంటిపేరులో ఆ ‘న’ ఎక్కడిది?

చెట్టునీడ:
మేం ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఉంటాం. మా పక్కింటి పెద్దాయన ఇంటిపేరు నాష్. మొన్న కంచె దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే, మర్రి అంటే ఏమిటని మా ఇంటిపేరు గురించి అడిగారు. చెట్టు పేరండీ అన్నాను. మాదీ చెట్టు పేరే, యాష్ చెట్టు అన్నారాయన. ఆ చెట్టు నాకు తెలుసు, మా పార్కులోనే ఉంది. మరి ముందు ఆ ‘న’ ఎందుకొచ్చింది? ఆయనకీ తెలియదట. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాతకాగితం:
ఆ ‘న’ చెట్టుది కాదండీ, దాని ముందున్న మాటది. మధ్యయుగపు ఇంగ్లిషులో ‘అట్టెన్ యాష్’ అంటే యాష్ చెట్టు దగ్గర అని. ఊళ్ళో నలుగురు జాన్‌లుంటే ఒకడు వాగు దగ్గర జాన్, ఇంకొకడు గుట్ట కింద జాన్, మరొకడు యాష్ చెట్టు దగ్గర జాన్. అనగా అనగా ‘అట్టె’ రాలిపోయి చివరి ‘న’ చెట్టుకి అతుక్కుపోయింది. లాటిన్‌లో లెక్కలు రాసే గుమస్తాలు ఇలాంటి వాళ్ళనే ‘డి ఫ్రాక్సినో’ అని రాసేవారు, ఫ్రాక్సినస్ అంటే యాష్ చెట్టే. మొదట్లో ఇవి మనిషితో పోయే పేర్లు, కొడుకు వేరే చోట కాపురం పెడితే పేరూ మారిపోయేది. తరతరాలకీ ఒకటే ఇంటిపేరు ఉండటం ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చిన 1066 తర్వాత మెల్లగా మొదలై, ఇవి సుమారు 1400 నాటికి ఇంగ్లండ్‌లో చాలా కుటుంబాలకి స్థిరపడ్డాయి.

ఓక్ చెట్ల దగ్గరి వాళ్ళు నోక్స్ అయింది కూడా ఇలాగే. లెక్కల్లో మనం రాముడు, సోముడు అన్నట్టు, ఇంగ్లిషు లాయర్లు ఊహాకేసుల్లో వాది ప్రతివాదులకి ‘జాన్ ఎ నోక్స్, జాన్ ఎ స్టైల్స్’ అని పేర్లు పెట్టుకునేవారు. ఒకడు ఓక్ చెట్ల దగ్గరివాడు, ఇంకొకడు కంచె దాటే మెట్ల దగ్గరివాడు!

గోదారిగట్టు:
దీనికి తిరగేసిన కథ మన నారింజది. అరబ్బుల ద్వారా యూరప్ చేరాక, అక్కడి భాషల్లో ‘ఒక’ అనే అర్థంలో ముందుండే ‘ఉన్’, ‘ఉనా’లో ఆ ‘న’ కలిసిపోయి పండుకి ‘ఆరెంజ్’ మిగిలింది. మన నోట్లో మాత్రం ‘న’ పోలేదు.

అన్నట్టు ఆటెన్‌బరో అనే ఇంటిపేరు కూడా ఈ ‘అట్టెన్’ బాపతేనా?

పాతకాగితం:
కాదండీ. అది నాటింగ్‌హామ్‌షైర్‌లో ఒక ఊరి పేరు, చూడ్డానికే అలా ఉంటుంది. రై అనే ఊరు మాత్రం ఈ బాపతే. కొన్ని మాటల ముందు ‘అట్టెన్’ బదులు ‘అట్టర్’ వచ్చేది, ‘అట్టర్ ఈ’ అంటే లంక దగ్గర, ఆ ‘ర’ అతుక్కుని రై అయింది.

వంశవృక్షం:
మా అత్తగారిది ఇంగ్లండే, పుట్టింటివాళ్ళు నాష్‌లు. ఆవిడతో కూర్చుని రెండేళ్ళు చర్చి రిజిస్టర్లు వెతికాను కాబట్టి చెప్తున్నా, ఒక్క స్పెల్లింగ్ పట్టుకుని కూర్చోకండి, నాషే, నేష్ అన్నీ చూడాలి, మాకైతే ఒక చోట ఉత్త యాష్ అనే ఉంది, అదే మనిషి, అదే పెళ్ళాం పేరు. ఆ రిజిస్టర్లు పెట్టమని ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశమిచ్చింది 1538లో, అంతకు ముందువి కావాలంటే జమీందారీ కోర్టుల పాత రికార్డులూ పన్ను జాబితాలే దిక్కు. ఇంకో మాట, నాష్‌లందరూ ఒకే వంశం అనుకోవద్దు. ఎన్ని ఊళ్ళలో యాష్ చెట్టు ఉందో అన్ని చోట్లా ఈ పేరు విడివిడిగా పుట్టి ఉండొచ్చు. లండన్‌లో రీజెంట్ స్ట్రీట్ వేసిన జాన్ నాష్ మీవాడేనా అని ఎవరో అడిగితే అత్తగారు ఆధారం లేనిదే ఔననలేదు, నాకది నచ్చింది.

టెనెసీతెలుగు:
మా నాష్‌విల్‌కీ ఇదే మూలం! 1777లో జర్మన్‌టౌన్ యుద్ధంలో దెబ్బ తగిలి చనిపోయిన ఫ్రాన్సిస్ నాష్ అనే అమెరికన్ సేనాని పేరు పెట్టారు. పదేళ్ళుగా ఇక్కడున్నా ఆ పేరులో చెట్టుందని ఇవాళే తెలిసింది.

చెట్టునీడ:
అందరికీ థాంక్స్. అన్నీ ఇంగ్లిషులో చెప్పి వినిపించాను, చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత చెప్పారు, ఈ దేశంలో 2012లో బయటపడిన ఫంగస్ తెగులుకి యాష్ చెట్లు ఎక్కడికక్కడ చచ్చిపోతున్నాయట, మా పార్కులో దానికీ పైకొమ్మలు ఎండాయి. ఇక్కడికి దగ్గర్లోనే నాష్ అని ఒక ఊరుంది, దాని పేరూ ఇలాగే వచ్చిందట. ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం, అక్కడ చెట్లు బతికున్నాయో లేదో చూసొచ్చి రాస్తాను.