గంగా విలాస్ బుక్ చేసే ముందు లోపల చూడనిస్తారా?

అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకి వాళ్లని గంగా విలాస్ అనే నదీ విహార ఓడలో తీసుకెళ్దామనుకుంటున్నాం. 2023 జనవరిలో వారణాసిలో బయల్దేరి బంగ్లాదేశ్ మీదుగా దిబ్రూగఢ్‌కి 51 రోజుల్లో 3,200 కిలోమీటర్లు వెళ్లిన ఓడ అదే. మాకు అన్ని రోజులు ఎక్కడ కుదురుతుంది, నాలుగైదు రోజుల ట్రిప్ చాలు.

62 మీటర్ల పొడవు, మూడు డెక్కులు, 18 సూట్లు, 36 మందే ప్రయాణికులు. చిన్న ఓడే, కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లు నిటారుగా ఉంటాయా? రేవు నుంచి ఓడలోకి వేసే పలకకి పట్టుకోవడానికి ఏమైనా ఉంటుందా? బాత్‌రూమ్ గడప ఎంత ఎత్తు? ఇవేవీ ఫొటోల్లో కనపడవు. పోయినేడాది అలెప్పీలో హౌస్‌బోటు ఫొటోలు చూసి మురిసిపోయాం. తీరా వెళ్తే మా మంచం వెనకే జనరేటర్! పాపం నాన్న రాత్రంతా బయట ప్లాస్టిక్ కుర్చీలోనే కునికిపాట్లు పడ్డారు.

అందుకే డబ్బు కట్టకముందే, ఓడ వారణాసిలో ఆగి ఉన్నప్పుడు వెళ్లి గది చూసి రావాలని ఉంది. అలా చూసొచ్చినవాళ్లు ఉన్నారా? ఎవరిని అడగాలి? ఇంకొకటి, ఓడ నీళ్లలో మునిగేది 1.4 మీటర్లేనట. అయినా ఇసుక మేటల దగ్గర ఆగిపోతుందేమోనని టెన్షన్. ఏ నెలలో వెళ్తే మంచిది?