సరుగుడు తోటలో గుడారం: తొలిసారి వెళ్తున్న కుటుంబానికి సలహాలు కావాలి

సంక్రాంతి సెలవుల్లో పిల్లలను, మా అత్తగారిని వెంటబెట్టుకుని, మైపాడు తీరానికి దగ్గరలో బంధువులకున్న సరుగుడు తోటలో ఒక రాత్రి గుడారం వేసుకుని గడపాలనుకుంటున్నాము. ముందుగా ఒక పగలు అక్కడే వేసి చూడగా, ఇసుకలో సులువుగా దిగిన మేకులు మధ్యాహ్నం సముద్రపు గాలి లేవగానే ఒక్కొక్కటే ఊడివచ్చి, లోపల కూర్చున్న మా చిన్నవాడితో సహా గుడారం పక్కకు ఒరిగిపోయింది. వాడు కేరింతలు కొట్టాడు గానీ, మా అత్తగారు మాత్రం అప్పటినుంచి ప్రయాణం మాటెత్తితే పులిహోర సంగతి తప్ప మరేమీ మాట్లాడటం లేదు.

మేకులకు బదులు ఇసుక నింపిన గోతాలను పాతిపెట్టి వాటికి తాళ్లు కట్టమని కొందరు చెబుతున్నారు. ఎంత లోతున పాతితే రాత్రంతా నిలుస్తాయి? చెట్లకే కట్టడం మేలా? రాలిన సరుగుడాకు ఎండుగడ్డిలా అంటుకుంటుంది కనుక, ఆకు ఊడ్చి ఇసుక తేలేలా చేసినా అక్కడ గ్యాస్ పొయ్యి వెలిగించడం క్షేమమేనా, లేక వంట ఇంటి దగ్గరే ముగించుకోవాలా? తెల్లవారుజామున కురిసే మంచుకు పక్కలు తడవకుండా, తేళ్లు, పాములు లోపలికి రాకుండా మీరు తీసుకున్న జాగ్రత్తలేమిటో, పెద్దవయసు వారితో అలా గడిపిన అనుభవమున్నవారు దయచేసి వివరంగా తెలుపగలరు.